మా అవ్వ సముద్రంల దిగింది

మా చౌటుప్పల్‌కు సముద్రం లేదు. కానీ సముద్రానికి పొయ్యే తొవ్వ ఉన్నది. మా ఇండ్ల ముందటి నుంచి పొయ్యే రోడ్డే సూర్యాపేట, కోదాడ, బెజవాడ దాటి బందరు దాక పోతది. మునుపు దాన్ని 9వ నెంబరు జాతీయ రహదారి అనేవాళ్లు, ఇప్పుడు 65 అంటున్నరు. మా నాయిన ఆ రోడ్డు మీద లారీలకు బస్తాలు ఎత్తి దించి ముప్పై ఏండ్లు బతికిండు. ఆయన ఎత్తిన బస్తాలు బందరు దాక పోయినయో లేదో గాని, ఆయన మాత్రం పోలే. సముద్రం నుంచి మా ఇంటికి వచ్చినవి రెండే. ఒకటి దొడ్డుప్పు, రెండు అంగట్ల కొన్న ఎండు చాపలు. అంతకు మించి మాకు దానితోని చుట్టరికం లేదు.

స్కూల్ల చదివిన తెలుగు పాఠాలల్ల, తర్వాత చదివిన కథలల్ల ఎండాకాలం సెలవులంటే అమ్మమ్మ ఊరు, మామిడి తోట, మోటబాయిల ఈత, రాత్రి వాకిట్ల మంచం. అవి చదివినప్పుడల్లా ఇది ఏ దేశపు ఎండాకాలం అనిపించేది. మా మాదిగవాడల ఎండాకాలం అంటే బిందె. తెల్లారకముందే బోరింగు కాడ బిందెల వరుస. బోరింగు ఎండిపోతే బాయి. ఆ బాయి మనది కాదు. గట్టు మీద నిలబడి, ఎవరన్న దొరసాని, ఎవరన్న జీతగాడు మీదికెల్లి పోస్తే కడుపుకు పట్టుకొచ్చుకోవాలె. పోసేవాళ్లకు మనసు రావాలె, మనసు వచ్చేదాక ఎండల నిలబడాలె. మా అవ్వ అట్ల నిలబడ్డ గంటలన్నీ లెక్కపెడితే ఒక జీవితమే అయితది.

అంత కష్టపడి తెచ్చుకున్న నీళ్లన్న మంచివా అంటే, అదీ లేదు. మా దిక్కు నీళ్లల్ల ఫ్లోరైడ్. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే పనికిరాదని చెప్పే ప్రమాణం నేను తర్వాత కెమిస్ట్రీ చదివినప్పుడు నేర్చుకున్న. చిన్నప్పుడు నాకు తెలిసిందల్లా ఒక్కటే. మావోళ్ల పండ్లు పచ్చగ ఉంటయి, నలభై ఏండ్లకే మోకాళ్లు వంగవు. పటిక, సున్నం కలిపి నీళ్లల్ల ఫ్లోరైడ్ తీసే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టిన్రు. నాగపూర్‌ల నీరి సంస్థ వాళ్లు 1970లల్ల తయారు చేసిన పద్ధతి అది. ఆఫ్రికా దేశాలల్ల గూడ వాడి చూసిన్రు. మా జిల్లా పేరు ప్రపంచమంత తిరిగింది, మా వాడలకు మాత్రం ఆ పటిక, సున్నం రాలే. 2015 జూన్‌ల మిషన్ భగీరథ పైలాన్‌ను మా చౌటుప్పల్‌లనే ఆవిష్కరించిన్రు. నల్లాల కృష్ణ నీళ్లు వచ్చినయి. వచ్చినందుకు సంతోషమే. కానీ ఎముకలల్ల కూసున్నది నల్లా తిప్పితే పోదు గద. మా అవ్వ మోకాళ్లు అప్పటికే కొయ్యలు అయిపోయినయి.

ఈత సంగతి చెప్పాలె. నాకు తొమ్మిదేండ్లప్పుడు మా అన్న పదకొండేండ్లోడు. ఎండాకాలం. ఊరి పోరగాండ్లంత పొలాలకాడి ఒక బాయిల దుంకుతున్నరు. నడుముకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టుకొని చిన్నోళ్లు, ఏం కట్టుకోకుండ పెద్దోళ్లు. మా అన్న గట్టు మీద నిలబడి ఎంతసేపు చూసిండో. బడిల పక్కన కూసునే దోస్తు 'రారా' అన్నడు. దుంకిండు. దుంకి బయటికి రానే వచ్చిండు, మునగలేదు, ఏం కాలేదు. అయింది మా నాయినకు. ఆ బాయి ఆసామి మా నాయినను పిలిపించి, రెండు రోజులు కరెంటు మోటరు పెట్టి బాయి నీళ్లన్నీ ఎత్తిపోయించిండు. కరెంటు ఖర్చు, దండుగ మా నాయిన కట్టిండు. మా అన్నను ఇంటికి తీసుకొచ్చి మా నాయిన కొట్టిండు. కొట్టి ఆయనే ఏడ్చిండు. మా అన్నకు ఇప్పటికీ ఈత రాదు. నాకు అసలే రాదు. ఆడపిల్లకు, అందులోన మాదిగ ఆడపిల్లకు ఈత అనే మాటే లేకుండె.

ఇది ఎప్పటి సంగతో అనుకునేరు. 1990ల నడిమి సంగతి. మహాడ్‌ల చవదార్ చెరువు నీళ్లు బాబాసాహెబ్ దోసిలిల ఎత్తి తాగింది 1927 మార్చి 20న. తర్వాత ఆ చెరువును 108 కుండల పంచగవ్యంతోని 'శుద్ధి' చేసిన్రు. అక్కడ పేడ, మూత్రం కలిపిన కుండలు, మా ఊర్ల అయిదు హార్స్‌పవర్ మోటరు. యంత్రం మారింది, అంతే. ఆ చెరువు నీళ్ల మీద అంటరానోళ్లకు హక్కు ఉన్నదని బొంబాయి హైకోర్టు చెప్పడానికి 1937 దాక పట్టింది. ఇగ 1985 జూలై 17న కారంచేడుల రగిలింది గూడ నీళ్ల కాడికెల్లే గద. మాదిగలు తాగే నీళ్లల్ల పశువులను కడుగుతుంటే, ఇదేందని ఒక ఆడమనిషి బిందె ఎత్తింది. దానికి ఆరుగురి పాణాలు తీసిన్రు. నీళ్ల దగ్గర మనం ఎప్పుడు నోరు తెరిచినా లెక్క పెద్దగనే తేలింది.

నేను ఉస్మానియాల ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివిన. మా చౌటుప్పల్ చుట్టు మందుల ఫ్యాక్టరీలు ఎక్కువ. అందులో ఒకదాంట్ల కొన్నేండ్లు క్వాలిటీ కంట్రోల్ ల్యాబుల చేసిన. మా ఆయనకు డర్బన్ యూనివర్సిటీల పోస్ట్‌డాక్ దొరికితే 2018ల దక్షిణాఫ్రికా వచ్చినం. నేను గూడ అక్కడే పీహెచ్‌డీల చేరిన. మా క్యాంపస్ వెస్ట్‌విల్ గుట్ట మీద ఉంటది. అది ఒకప్పుడు ఇండియన్ల కోసం వేరుగ కట్టిన కాలేజీ. 1961ల సముద్రపాయలోని సాలిస్‌బరీ దీవిల మొదలుపెట్టి, తర్వాత ఈ గుట్ట మీదికి మార్చిన్రు. తెల్లోళ్లకు వేరే, నల్లోళ్లకు వేరే. 2004ల అన్నీ కలిపి క్వాజులు-నటాల్ యూనివర్సిటీ చేసిన్రు. నేను వేరు హాస్టల్లల్ల పెరిగినదాన్నే గనుక వేరు కాలేజీ అంటే నాకు వింత అనిపించలే. వింత అనిపించింది సముద్రం.

డర్బన్‌ల సముద్రం ఊరి నడిమిట్లనే ఉంటది. బస్టాండుల దిగి నడుచుకుంటు పోవచ్చు. అక్కడ ఎండాకాలం అంటే డిసెంబరు, జనవరి. నీళ్లు గోరువెచ్చగ ఉంటయి, అగుల్హాస్ అనే వేడి ప్రవాహం ఉత్తరం నుంచి వచ్చి ఆ ఒడ్డును తాకుతదట. షార్కు చాపలు రాకుండ 1952 నుంచి వలలు కట్టిన్రు. జెండాల నడుమనే దిగాలె, ఒడ్డు మీద లైఫ్‌గార్డులు చూస్తుంటరు. టికెట్ లేదు, గేటు లేదు, పేరు అడిగేవాడు లేడు. మొదటిసారి పోయినప్పుడు నేను ఎవరినన్న అడగాలేమో అని అటిటు చూసిన. దిగచ్చా అని. మా ఆయన నవ్విండు. ఆయనది గూడ మా దిక్కే, గాని ఆయనకు ఈత వచ్చు.

ఆ ఒడ్డు చరిత్ర తర్వాత తెలిసింది. 1953ల తెచ్చిన చట్టం ప్రకారం పార్కులు, బస్సులు, బెంచీలు, బీచ్‌లు జాతి జాతికి వేరు. వేరుగ ఉన్నవి సమానంగ ఉండాల్సిన పని గూడ లేదని చట్టంలనే రాసుకున్నరు. నడిమి మంచి ఒడ్డు తెల్లోళ్లది. పక్కలకు, దూరం దూరం ముక్కలు ఇండియన్లకు ఒకటి, నల్లోళ్లకు ఒకటి. బోర్డుల మీద ఇంగ్లీషుల, ఆఫ్రికాన్స్‌ల, జులుల రాసి పెట్టిన్రు, ఈ స్నానపు జాగ తెల్లజాతికి మాత్రమే అని. ఆ బోర్డు ఫొటో చూసినప్పుడు నాకు మా ఊరి బాయి గుర్తొచ్చింది. మా బాయి మీద బోర్డు లేదు. బోర్డు లేకున్నా అందరికి తెలుసు. అక్కడోళ్లు రాసిపెట్టి చేసిన్రు, మనోళ్లు రాయకుండ చేస్తున్నరు. రాసిందాన్ని పీకెయ్యొచ్చు. 1989 సెప్టెంబరుల జనం గుంపులు గుంపులుగ పోయి తెల్లోళ్ల బీచ్‌లల్ల దిగిన్రు. అదే ఏడు నవంబరుల బీచ్‌లు అందరివి అని ప్రభుత్వమే ప్రకటించింది. 1990 అక్టోబరుల ఆ చట్టం రద్దయింది.

ఒక మాట ఇక్కడ చెప్పుకోవాలె. ఇండియన్లకు నల్లోళ్లకంటె వేరు ముక్క ఇచ్చుడుల ఒక మర్మం ఉన్నది. కింద ఇంకొకడు ఉన్నడంటే పైవాని మీద కోపం సల్లబడతది. అంబేద్కర్ మెట్లు మెట్లుగ ఉండే అసమానత అని చెప్పింది ఇదే. అక్కడ స్థిరపడ్డ ఇండియన్లలో చాలమంది ముత్తాతలు చెరుకు తోటలకు కూలికి పోయినోళ్లే. మద్రాసు నుంచి 'ట్రూరో' అనే ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాక లక్షా యాభై రెండు వేల మంది పోయిన్రు. అందులో తెలుగోళ్లు గూడ మస్తుమంది. ఆ ఓడల లిస్టులల్ల ప్రతి కూలి పేరు ఎదురుంగ తండ్రి పేరు, ఊరు, కులం రాసిన్రు. సముద్రం దాటితే కులం పోతదని శాస్త్రం. గుమస్తా మాత్రం దాన్ని నీళ్లల్ల పడనియ్యలే, సిరా పెట్టి రాసుకున్నడు.

మా అపార్ట్‌మెంటుల పైన ఉండే పెద్దామె ఆ కూలీల మనుమరాలు. మంచిది, కూర పంపుతది, నాకు డర్బన్ మసాలా ఇచ్చింది. ఒకనాడు 'మీరు నాయుడులా, రెడ్డిలా?' అని అడిగింది. రెండూ కాదన్న. 'మరి?' అన్నది. నేను చెప్పిన. ఆమెకు ఆ మాట అర్థం కాలే. నిజంగనే కాలే. అర్థమయ్యేటట్టు చెప్తే 'అయ్యో, ఇక్కడ అట్లాంటివి లేవు' అన్నది. ఆమె మాట నేను నమ్మిన, ఆమెకు సంబంధించినంత వరకు. ఇండియా నుంచి ఈ మధ్య వచ్చిన మన తెలుగోళ్ల సంగతి వేరు. ఒక ఉగాది కాడ కలిసిన ఇంజనీరు భార్య మా ఇంటి పేరు అడిగి, తర్వాత ఊరు అడిగి, తర్వాత 'ఊర్ల ఎటుదిక్కు?' అని అడిగింది. ఎనిమిది వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చి, ఊర్ల ఎటుదిక్కు అని అడుగుతున్నది. 'తూర్పు దిక్కు' అన్న. ఆమె మళ్ల పులిహోర పెట్టించుకొమ్మని అనలే.

2023 డిసెంబరుల మా అవ్వను తీసుకొచ్చినం. నాయిన అప్పటికి లేడు. విమానంల రెండు రాత్రులు కూసోని వచ్చింది, కాళ్లు కుండలై వచ్చింది. దిగంగనే, 'ఏంది బిడ్డా, క్రిస్మస్‌కు ఎండ కొడుతున్నది?' అన్నది. భూమి కిందిదిక్కు ఉన్నం, ఇక్కడ కాలాలు తిరగబడి ఉంటయని నా బిడ్డ చెప్పింది. 'కాలం తిరగబడే జాగ ఒకటి ఉన్నదన్నమాట' అని మా అవ్వ మంచంల ఒరిగింది.

జనవరి ఒకటిన బీచ్‌కు పోదామన్న. పైన ఉండే పెద్దామె వద్దన్నది. 'ఆరోజు వాళ్లు వస్తరు, బస్సులకు బస్సులు వస్తరు' అన్నది. వాళ్లంటే నల్లోళ్లు. నిజంగనే ఆరోజు లోపలి ఊర్లన్నీ వచ్చి ఒడ్డు మీద పడతయి. ముసలోళ్లు, పసిపిల్లలు, గిన్నెలు, దుప్పట్లు, పాటలు. ఏడాదికి ఒకసారి సముద్రాన్ని చూసే జనం. 2016 జనవరిల అట్లనే వచ్చినోళ్లను చూసి పెన్నీ స్పారో అనే తెల్ల రియల్ ఎస్టేటు ఏజెంటు ఫేస్‌బుక్కుల కోతులని రాసింది. సమానత్వ కోర్టు ఆమెకు లక్షా యాభై వేల రాండ్ల జరిమానా వేసింది. మన ఊర్లల్ల మనల్ని అన్న మాటలకు ఈ లెక్కన జరిమానా వేస్తే మాదిగవాడలన్నీ బంగళాలయ్యేవి. వాళ్లు వచ్చేరోజే పోదామని మా అవ్వనే అన్నది. 'జనం లేని తీర్థం తీర్థమా?' అన్నది.

పోయినం. ఒడ్డు మీద కార్పొరేషన్ మనుషులు పిల్లల చేతులకు పేరు, ఫోను నెంబరు రాసిన పట్టీలు కడుతున్నరు, తప్పిపోకుండ. నా బిడ్డకు గూడ కట్టిన్రు. మా అవ్వ తన చెయ్యి గూడ చాపింది. కట్టే పిల్ల నవ్వి కట్టింది. తర్వాత అనాసపండు. డర్బన్ బీచ్‌ల అనాసపండు కోసి, పుల్లకు గుచ్చి, మీద కారం మసాల చల్లి ఇస్తరు. మా అవ్వ ఒక ముక్క నోట్ల పెట్టుకొని ఆగిపోయింది. 'ఇది మనోళ్లే నేర్పిన్రు వీళ్లకు' అన్నది. పచ్చి మామిడికాయకు ఉప్పు కారం అద్దుకొని తిన్న నోరు గద. ఆమె ఒక్కతే మూడు తిన్నది. ఇసుకతోని సింహాలు, మొసళ్లు చేసి పైసలు అడిగే పోరగాండ్లను చూసి, 'ఇంత పనిమంతులు, పొద్దుందాక చేసింది రాత్రికి నీళ్లు కొట్టుకపోతయి' అని బాధపడింది. చెప్పులు కుట్టే ఇంట్ల పుట్టిన మనిషి, చేసిన వస్తువు నిలవాలె అనే మనిషి.

నీళ్ల దగ్గరికి వచ్చేసరికి నిలబడిపోయింది. తడి ఇసుకకు ఇవతలనే. నేను ఆమె మొఖం చూసిన. ఆ నిలబడుడు నాకు తెలుసు. బాయి గట్టు మీద నిలబడినట్టే నిలబడ్డది, రెండు చేతులు దగ్గరికి పెట్టుకొని, ఎవరో పొయ్యాలె అన్నట్టు. నేను చెయ్యి పట్టుకున్న. 'మోకాళ్లు ఆగవు బిడ్డా' అన్నది. మోకాళ్ల మాట నిజమే. గాని ఆపింది అవి ఒక్కటే కాదు.

పక్కన అయిదారుగురు జులు ముసలమ్మలు నీళ్లల్ల కూసోని ఉన్నరు. బట్టలతోనే. అల వచ్చినప్పుడల్ల ఒకరి మీద ఒకరు పడి కేకలు. అందులో ఒకామె మా అవ్వను చూసి 'వోజా, గోగో' అని చెయ్యి ఊపింది. రా అని అర్థం. గోగో అంటే అమ్మమ్మ. మా అవ్వ, 'నన్ను గోగు అంటున్నదేంది, నేనేమన్న నార చెట్టునా?' అన్నది. నా బిడ్డ నవ్వుకుంటు అర్థం చెప్పింది. ఆ ముసలామె లేచొచ్చి ఒక చెయ్యి పట్టుకున్నది, ఇంకొకామె ఇంకో చెయ్యి. ఒక భాష రాదు, ఇంకో భాష రాదు. ఇద్దరు నడిపించుకుంట తీసుకపోయి నీళ్లల్ల కూసోబెట్టిన్రు. మొదటి అల నడుము దాక వచ్చింది. మా అవ్వ అరిచింది. నేను భయపడి ఉరికిన. అది భయం అరుపు కాదు. నా బుద్ధి తెలిసినంక మా అవ్వ నోట్లెకెల్లి అసొంటి అరుపు ఎన్నడు వినలే.

గంటన్నర కూసున్నది. లెమ్మంటే లెవ్వలే. ఉప్పు నీళ్లు మోకాళ్లను ఎత్తి పట్టుకుంటున్నయట, బరువు లేదట. నీళ్లల్ల కాలు చాపి ముడిచి చూసుకున్నది. బయట వంగని కాలు లోపల కొంచెం వంగింది. డాక్టర్లు దీనికి తేలే గుణం అని ఏదో చెప్తరు, నేను గూడ చెప్పగలను. మా అవ్వ చెప్పింది మాత్రం, 'వీళ్లు మీదికెల్లి పొయ్యలే, నన్నే నీళ్లల్ల కూసోబెట్టిన్రు' అని.

ఆ ముసలమ్మలు పొయ్యేముందు ప్లాస్టిక్ సీసాలల్ల సముద్రం నీళ్లు నింపుకున్నరు. లోపలి ఊర్ల నుంచి వచ్చినోళ్లంత అట్ల నింపుకొని పోతరు, ఇంటి చుట్టు చల్లుకోవడానికి, ఒళ్లు శుద్ధి చేసుకోవడానికి. నేను దేవుని, దయ్యాన్ని నమ్మేదాన్ని కాదు. వాదన పెట్టుకోవాలె అంటే పెట్టుకోవచ్చు. గాని ఊరిది అనే నీళ్లు ఎవరిని అడగకుండ సీసాల పట్టుకునే సుఖం తెలిసినదాన్ని, నాకు నోరు రాలే. మా అవ్వ గూడ ఒకటి నింపింది.

బీచ్ ఎప్పుడూ ఇట్లనే ఉంటదని అనుకోవద్దు. 2022 ఏప్రిల్ వరదల్ల మురికినీళ్ల పంపులు పాడై ఊరి పెంటంత సముద్రంల కలిసింది. నీళ్లల్ల ఈ.కోలీ ఎక్కువై చాలరోజులు బీచ్‌లు మూసేసిన్రు, తర్వాత గూడ అప్పుడప్పుడు మూసిన్రు. ఆ లెక్కలు పేపర్లల్ల వస్తుంటే మా ల్యాబుల మాట్లాడుకునేవాళ్లం. నాకు మా పోచంపల్లి దిక్కు మూసీ గుర్తొచ్చేది. పట్నం కడుక్కున్నదంత మోసుకొచ్చే మూసీ. ఇక్కడ బీచ్ మూస్తే పేపర్లు గోల పెడతయి, టూరిస్టులు రారని హోటళ్లోళ్లు గోల పెడతరు. మూసీ నీళ్లతోని వరి పండిస్తున్నోళ్ల కోసం ఏ హోటలోడు ఏడ్వాలె?

నా బిడ్డకు ఎనిమిదేండ్లు అప్పుడు. స్కూల్ల ఈత నేర్పుతరు. ఆరోజు అమ్మమ్మ ముందర మునిగి లేచి చూపెట్టింది. మా అవ్వ చప్పట్లు కొట్టి, ఫోనుల వీడియో తీయించి, అక్కడికక్కడే మా అన్నకు పంపించమన్నది. చౌటుప్పల్‌ల అప్పుడు సాయంత్రం. మా అన్న వీడియో చూసి మాట్లాడలే. కొంచెంసేపటికి ఫోను చేసి, 'ఎంత లోతున్నది?' అని ఒక్కటే అడిగిండు. నడుము లోతు అన్న.

మా అవ్వ మార్చిల వెళ్లిపోయింది. సీసాను చీరల నడుమ చుట్టి పెట్టెల పెట్టుకున్నది. శంషాబాద్‌ల దింపినప్పుడు చీరలు తడిసి ఉన్నయట, సగం కారిపోయిందట. మిగిలిన సగం మా ఇంటి గూట్ల బాబాసాహెబ్ ఫొటో పక్కన ఉన్నది. ఎవరన్న వస్తే మూత తీసి, 'నాలిక మీద పెట్టి చూడు, ఉప్పగుంటది' అని చెప్తదట. డిసెంబరు రాంగనే ఫోను చేస్తది. ఈసారి చీరతోని దిగదట, చీర బరువై లెవ్వనియ్యలేదట. నైటీ కొనిపెట్టుకున్నది.